ఎవరింటి కొళంబు పొడి

శివరాత్రి వచ్చే మాసి నెలలో మా అత్తకు జ్వరం వచ్చింది. జ్వరం త్వరగానే తగ్గింది, కీళ్ళ నొప్పులూ మెల్లగా సర్దుకున్నాయి, నోటి రుచి మాత్రం తిరిగి రాలేదు. రసం పోస్తే వేడినీళ్ళు అనేది. పచ్చడి వేస్తే మంట ఒక్కటే తెలుస్తోంది అనేది. రోజంతా కలిపి గిన్నెడు పెరుగన్నం తినడమే గగనమైపోయింది. తిరుత్తణి ఆసుపత్రిలో డాక్టరమ్మ, మెల్లగా అదే వస్తుంది, ఓపిక పట్టండి అని మాత్రలు రాసిచ్చింది.

"ఎప్పుడు వస్తాదో ఆమెకే తెలీదు. నన్ను ఓపిక పట్టమంటాది," అని అత్త ఆటోలో దారంతా గొణుక్కుంటూనే వచ్చింది.

మా ఆయన తిరువళ్లూరులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తాడు. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే ఇల్లు చేరేది. ఒక్క జీతంతో ఇల్లు నడవాలంటే అంగటి ప్యాకెట్ల జోలికి పోకూడదన్నది అత్త పెట్టిన చట్టం. కొళంబు పొడి, రసం పొడి, తలకు సీకాయ పొడి, ఒంటికి పెసరపిండి, అన్నీ ఇంట్లో చేసుకున్నవే. కొళంబు అంటే మరేం లేదు, చింతపండు పులుసే. అరవ మాట మా తెలుగు ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, పులుసు అంటే మా వీధిలో పిల్లలకు ఒక పట్టాన అర్థం కాదు.

ఆ పై నెల, పంగుని ఎండలు ముదిరేసరికి కొళంబు పొడి డబ్బా అడుగంటింది. ఏటా పొడి చేసేది అత్తే. నేను దినుసులు మిద్దె మీద ఎండబెట్టి, ఆమె వేయించేటప్పుడు పక్కన నిలబడి అందించేదాన్ని. ఈసారి ఆమె మంచం మీద కూర్చుని చెప్తే నేను చేయాల్సి వచ్చింది.

"ధనియాలు ఎంత పోసేది అత్తా?"

"ఎప్పుడూ పోసేంత."

"ఎప్పుడూ ఎంత పోస్తావు?"

"చేట్లో పరిస్తే చేట నిండల్ల. మిరక్కాయలు దానికి తగ్గట్టు."

"తగ్గట్టు అంటే?"

"ఏం మే, ఇన్నేండ్లు పక్కనే నిలబడి చూసినావు గదా!"

చూశాను. చూసినది వచ్చేసినట్టేనని నేనూ అనుకున్నాను. తీరా చేట ముందు కూర్చుంటే ఏదీ నిలకడగా గుర్తుకు రాలేదు. మెంతులు పిడికెడు అంది అత్త. ఆమె పిడికిలి పెద్దది, నాది చిన్నది. నా పిడికెడు వేసి, చాలదేమోనని ఇంకొన్ని వేసి, ఎక్కువయ్యాయేమోనని కొన్ని తీసేశాను. పళ్ళిపట్టులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేస్తే, "కందిపప్పు లేకుండా కొళంబు పొడేంది మే?" అంది. అత్తనడిగితే, "అది మీ ఇంట్లో. ఈడ శెనగపప్పే," అంది. ఇద్దరి మాటా తీసెయ్యలేక కాస్త కాస్త రెండూ వేశాను. ఆ సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

వేయించేటప్పుడు మరో చిక్కు వచ్చింది. ధనియాలు ఈ రంగుకు దించాలా, ఇంకా ఉంచాలా? వాసన చూసి చెప్తుందని మూకుడు అత్త దగ్గరికి పట్టుకుపోయాను. ఆమె ముక్కు దగ్గరకు తెచ్చుకుని ఒకటికి రెండుసార్లు గాలి పీల్చింది.

"ఏమీ తెలీలేదు మే," అని మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ తర్వాత ఆమెను ఏదీ అడగబుద్ధి కాలేదు. నాకు తోచినట్టు వేయించి, చల్లార్చి, స్టీలు డబ్బాలో పోసుకుని పిండి మిషనుకు బయల్దేరాను.

మిషను బస్టాండు వెనక సందులో ఉంది. నేను పోయిన కాసేపటికే కరెంటు పోయింది. మిషన్ ఆయన, "పెట్టేసి పో అక్కా, సాయంత్రం వచ్చి తీసుకో," అన్నాడు. సాయంత్రం పోతే మా డబ్బా నిండుగా, మూత వేసి సిద్ధంగా ఉంది. మూత మీద మా మామ పేరు చెక్కి ఉంటుంది కాబట్టి అది మాదేనా అన్న అనుమానమే రాలేదు. ఇంటికొచ్చి పొడిని పేపరు మీద పరిచాను. రంగు కొంచెం నల్లగా కనిపించింది. నేనే ఎక్కువ వేయించానని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం. వంకాయ, మునక్కాయ వేసి కొళంబు పెట్టాను. మా ఆయన మొదటి ముద్దకే తలెత్తాడు.

"ఇదేంది, కొత్తగా ఉండాది?"

"బాగుండాదా, బాగలేదా?"

"బాగానే ఉండాది. మనింటిది మాదిరి మాత్రం లేదు."

ఆ మాట విని అత్త పెరుగన్నం గిన్నె పక్కన పెట్టి, నాకూ కొంచెం వెయ్యమంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. మళ్ళీ నమిలింది. ఇంకో ముద్ద కలుపుకుంది.

"మిరియాలు వేసినావా?"

"లేదత్తా, నువ్వు చెప్పలేదు గదా."

"నోట్లో తెలస్తాండాయి మే. సోంపు కూడా తెలస్తాండాది."

"సోంపు మనింట్లో లేనే లేదు."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళకు ఆమెకు రుచి తెలిసిందని సంతోషించాలో, లేని దినుసు తెలిసిందని భయపడాలో అర్థం కాలేదు. ఆమె మాత్రం ఆ పూట అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

అప్పటినుంచి ఇంట్లో ఇదే గొడవ. కొళంబు పెట్టిన ప్రతి పూటా అత్త తృప్తిగా తినేది, తిన్నాక దిగాలు పడేది. "లేనివన్నీ నోటికి తగలతాండాయంటే నాకేమైనా అయిందా? తల చెడిందా?" అని నన్ను అడిగేది. నేను పొడి చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేదాన్ని. ఆమె మిరియాలు అన్నాక చూస్తే మిరియాల ఘాటే. మా ఆయన "మిరియాలూ లేవు, ఏమీ లేవు, నువ్వు మాడబెట్టినావు, అంతే," అన్నాక చూస్తే మాడు వాసనే. పోపుల పెట్టె అంతా వెతికాను, పొరపాటున ఏదైనా కలిసిందేమోనని. రెండు పప్పులూ కలిపినందుకు ఇలా అయిందా అనీ ఆలోచించాను. పప్పులోంచి సోంపు వాసన ఎలా వస్తుంది?

కొన్నాళ్ళకు బియ్యప్పిండి పట్టించడానికి మళ్ళీ మిషనుకు పోయాను. నన్ను చూడగానే ఆయన మిషను ఆపి బయటికి వచ్చాడు.

"అక్కా, నీ కోసమే చూస్తా ఉండా. ఆ పొద్దు కరెంటు వచ్చినాక నీ పొడీ, ఇంకొకామె పొడీ ఒకదాని వెనక ఒకటి ఆడించినాను. పోసేటప్పుడు ఆమెది నీ డబ్బాలో, నీది ఆమె డబ్బాలో పోసినట్టుండాను. ఆమె వచ్చి నన్ను కొట్టేది ఒకటే తక్కువ."

"యాడుంటాది ఆమె?"

"అరక్కోణం రోడ్డులో, టైర్ల అంగడి పక్కిల్లు."

బియ్యం అక్కడే వదిలేసి ఇంటికి పోయి, పొడి డబ్బా తీసుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తలుపు తీసింది నాకంటే పెద్దావిడ. ముందు మొహం చిట్లించింది. నా చేతిలో డబ్బా చూశాక, "అయ్యో, నీదానా అదు?" ఆ మనిషివి నువ్వేనా అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. అరవంలోనే తన బాధంతా చెప్పుకొచ్చింది. కొళంబు మారిపోయిందనీ, వయసు మీదపడి నీకు చేత కావడం లేదనీ ఆమె భర్త రోజూ సణుగుతున్నాడట. నిజమేనేమోనని ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టిందట.

"మీరు ఏమేం వేస్తారు?" అని అడిగాను.

మిరియాలు, సోంపు, వేయించిన కరివేపాకు అంది. నాకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది, వెంటనే మా అత్త మొహం గుర్తుకొచ్చి ఆగిపోయింది. ఆమె జ్వరం సంగతి, నోటి రుచి పోయిన సంగతి, ఈ పొడితో అన్నం తింటున్న సంగతి చెప్పాను. ఆవిడ లేచిపోయి వంటింట్లోంచి తన డబ్బా తెచ్చింది. తర్వాత మా పొడి ఒక సీసాలో పోసి ఇచ్చింది, తన పొడిలో సగమే తీసుకుంది.

"మిగతాది ఉంచుకో. ఆ పెద్దామె తిననీ," అంది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు అత్తకు చెప్పాను. ఆమె రెప్ప వెయ్యకుండా విన్నది.

"అట్లయితే మిరియాలు ఉండాయి."

"ఉండాయత్తా."

"సోంపు?"

"అదీ ఉండాది."

అప్పటికప్పుడు నా చేత మా ఆయనకు ఫోన్ చేయించింది. అంగట్లో బేరం మధ్యలో ఉన్నాడు పాపం. "నాకు తల చెడలేదురా, నా నోరు బాగుండాది," అని పక్కింటికి వినబడేలా అరిచి చెప్పి, ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

మర్నాడు మా పొడితో, నేను చేసిన పొడితో కొళంబు పెట్టాను. ఇక అన్నీ కుదురుకున్నాయనే అనుకున్నాను. అత్త ఒక ముద్ద తిని తల అడ్డంగా ఊపింది.

"ఇది మనది కాదు మే."

"ఇది నేను చేసిందే అత్తా. మనదే."

"నువ్వు చేసిందే. అయినా మనది కాదు. ఏదో ఎక్కువయింది. లేదంటే తక్కువయింది."

ఏది అంటే చెప్పలేకపోయింది. మా ఆయన మాత్రం ఆ రాత్రి ఆబగా తిని, "హమ్మయ్య, ఇప్పుడు మనింటి కొళంబు వచ్చింది," అన్నాడు. ఒకే పొయ్యి మీద వండింది ఏళ్ళ తరబడి తిన్న తల్లీకొడుకులు వీళ్ళు. ఎవరి మాట నమ్మాలి? జ్వరంలో పోయిన నోరు పూర్తిగా తిరిగొచ్చిందా, కొంచెం మారి వచ్చిందా అన్నది ఆమెకే తేలలేదు, నాకెట్లా తేలుతుంది? కందిపప్పు సంగతి చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే నెపం దానిమీదకే పోతుంది, అసలు కారణం అదో కాదో ఎప్పటికీ తెలియకుండా పోతుంది. ఊరుకున్నాను.

అత్త ఇప్పుడు బాగానే తింటోంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది కూడా. మళ్ళీ పొయ్యి దగ్గరకు వచ్చి నన్ను అదిలిస్తోంది. వంటింటి అరలో రెండు పొడులూ పక్కపక్కనే పెట్టుకున్నాను. ఏ పూట ఏది వేశానో ముందుగా చెప్పకుండా వడ్డించి, తల్లీ కొడుకూ ఏమంటారా అని చూస్తూ కూర్చుంటాను. ఇంతవరకు ఇద్దరూ ఒకే మాట అనలేదు. అందులోనూ, ఒక్కోసారి ఏది వేశానో నాకే గుర్తుండదు.