బోర్డు మీద పొట్ట

మా తోటికోడలి గురించి ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, ఆవిడతో పెట్టుకోవద్దని. నేనైతే ఇంకో మాట కలుపుతాను. ఆవిడ పొట్టతో అసలే పెట్టుకోవద్దు. మా షాపు ఓనరు పెట్టుకున్నాడు, అనుభవించాడు.

నేను ఆవిడను అక్కా అంటాను. మా ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. అక్కకు కవలలు. లోపల ఉన్నన్నాళ్ళూ ఆ ఇద్దరు వెధవలూ చెరో పక్కకీ జరిగి గదులు పంచుకున్నారని, అందుకే పొట్ట నిండా చారలు పడ్డాయని నవ్వుతూ చెబుతుంది. మొదట ఎర్రగా ఉండేవట, తర్వాత ఊదారంగుకు తిరిగి చివరికి తెల్లబడ్డాయి. కవలలకు మీసాలొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి, చారలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్క వాటిని ఏనాడూ పట్టించుకోలేదు. పొట్ట ఉన్నది అన్నం కోసం, అద్దం కోసం కాదంటుంది.

పిల్లలు చేతికి అందివచ్చాక అక్క మా వీధి చివర సబ్బులూ క్రీములూ అమ్మే షాపులో కౌంటర్లో చేరింది. పెళ్ళయ్యాక ఆవిడకది మొదటి ఉద్యోగం. నీలం యూనిఫారం చొక్కా, దాని మీద గుచ్చుకునే బ్యాడ్జీ, తిరిగే కుర్చీ. ఆ కుర్చీ అంటే అక్కకు ప్రాణం. వచ్చినవాళ్ళతో నవ్వుతూ, వాళ్ళ ఇంటి సంగతులన్నీ ఆరా తీస్తూ, సబ్బు కోసం వచ్చినవాళ్ళ చేత షాంపూ కూడా కొనిపించేది. నన్నూ తనే చేర్పించింది. వెనక గదిలో సీసాలకు లేబుళ్ళు అంటించే పని నాది.

ఆ సీసాల్లో ఉండేది ఓనరు సొంతంగా తయారు చేయించే చారల నూనె. ఆయన మాటకారి. ఓనరమ్మ దానికి పూర్తిగా ఎదురు. గల్లాపెట్టె దగ్గర మెడ దాకా బొత్తాలు పెట్టుకుని కూర్చుని చిల్లర లెక్కగా చేతిలో పెట్టేది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. ఆవిడ మనసులో ఏముందో మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

షాపు గుమ్మం పక్కన మనిషంత ఎత్తు బోర్డు ఒకటి ఉండేది. దాని మీద తలలు లేని రెండు పొట్టలు. ఎడమ పొట్ట నిండా చారలు, కింద 'ముందు' అని రాసి ఉంటుంది. కుడి పొట్ట నున్నగా మెరుస్తుంది, కింద 'తర్వాత' అని ఉంటుంది. దారిన పోయే ఆడవాళ్ళు దాని ముందు నిలబడిపోయేవాళ్ళు. నూనె పనిచేయలేదని ఎవరైనా తిరిగొస్తే ఓనరు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పైనుంచి కిందికి రాశారా, కింది నుంచి పైకి రాశారా అని అడిగేవాడు. వాళ్ళు ఏది చెబితే అది తప్పు. తమ చేతిదే లోపమనుకుని పాపం ఇంకో సీసా కొనుక్కుని పోయేవాళ్ళు.

ఇక మా అమ్మాయి. దాన్ని అందరూ నిచ్చెన అంటారు. పదో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి గుమ్మానికి తల తగిలేంత ఎదిగిపోయింది. వాలీబాల్ ఆడుతుంది. నెట్ దగ్గర అది చెయ్యెత్తితే అవతలి వాళ్ళకు ఆకాశం కనబడదు. అలాంటి పిల్ల నడుం మీద అడ్డంగా చారలు పడ్డాయి. వాటిని చూసి వాళ్ళ ఆటల టీచరు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఆ తర్వాత తొడల లోపలి వైపు వెడల్పాటి ఎర్ర చారలు మొదలయ్యాయి. ఒకరోజు నిచ్చెన షార్ట్స్ వేసుకోనంది. మర్నాడు మైదానానికే వెళ్ళనంది. జట్టు ఎంపిక చూస్తే నెత్తి మీదికొచ్చింది.

నేనేం చేశాను? షాపు నుంచి సీసా తెచ్చిచ్చాను. లేబులు అంటించే దాన్ని, లేబులు నమ్మకపోతే ఎలా? పిల్ల రోజూ తలుపు గడియ పెట్టుకుని రాసుకునేది. వచ్చి అద్దం ముందు నిలబడేది, మళ్ళీ లోపలికి పోయేది.

ఒక సాయంత్రం అక్క మా గిన్నె తిరిగిద్దామని పైకి వచ్చింది. మంచం మీద సీసా చూసింది, పక్కనే ముఖం వేలాడేసుకుని కూర్చున్న నిచ్చెనను చూసింది.

"ఏమైందే? గ్రౌండుకెళ్ళలేదా?"

"చారలు పోయాక వెళ్తా పెద్దమ్మా."

"పోవడమేంటి?"

"మీ బోర్డులో ఆవిడకి పోయాయి కదా. నాకే పోవట్లేదు. నా ఒళ్ళే దరిద్రపు ఒళ్ళు."

అక్క వెళ్ళి కిటికీ తెర లాగింది. బల్ల మీది దీపం నా చేతికిచ్చి, పెద్ద దీపం ఆర్పి, చొక్కా పైకెత్తి నిలబడింది.

"నా పక్కన పెట్టు దీపాన్ని."

పెట్టాను. ప్రతి చార గీసినట్టు కనబడింది.

"ఇప్పుడు ఎదురుగా రా."

ఎదురుగా వచ్చాను. పొట్ట మీద వెలుతురు నిండుగా పడింది. చారలు ఉన్నాయా అంటే ఉన్నాయి, కళ్ళు చికిలించి వెతికితే తప్ప కనబడలేదు. బొడ్డు పక్కన పుట్టుమచ్చ మాత్రం బాగా కనబడింది. ఆ పుట్టుమచ్చను నేనెక్కడో చూశాననిపించింది. గుర్తొచ్చింది, మా షాపు బోర్డు మీద.

"రెండూ నావే," అంది అక్క. "ఒకే పూట తీశాడు ఫొటోగ్రాఫరు. ముందుది ఇప్పుడు తీస్తాం, నూనె రాశాక తర్వాతది తీస్తాం, తల కనపడదు అన్నాడు ఓనరు. సరేనన్నా. దీపం జరిపి రెండోది కూడా తీస్తుంటే, ఎందుకైనా మంచిదిలే అన్నాడు. నూనె బుద్ధిగా రాసుకుంటూనే ఉన్నా, ఈలోపే బోర్డు వచ్చి కూర్చుంది. ఇదేంటి సార్ అంటే, ఎలాగూ జరగబోయేదే కదా, కాస్త ముందుగా వేశాం అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఎలా కూర్చున్నావక్కా? నువ్వేనా?"

"ఉద్యోగం పోతుందని భయమేసిందే. నాకా కుర్చీ ఇష్టం," అంది. ఆ మాట అంటున్నప్పుడు అక్క ముఖం చూడలేకపోయాను.

మర్నాడు ముగ్గురం చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని ఆవిడ నిచ్చెనను ఓపిగ్గా చూసింది. నడుం మీదవి ఎదుగుదల వల్ల వచ్చినవంది. ఒళ్ళు గబగబా పెరిగితే చర్మం పైపొర సాగుతుంది గానీ లోపలి పొర తట్టుకోలేక అక్కడక్కడా చిట్లుతుంది. కడుపుతో ఉన్నా, ఉన్నట్టుండి లావెక్కినా, బరువులెత్తి కండలు పెంచినా అదే కథ. హార్మోన్ల పాత్ర కూడా ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో ఇంకాస్త ఎక్కువగా వస్తాయి.

"తొడల మీదవి మాత్రం వేరేలా ఉన్నాయి. అక్కడేమైనా రాస్తున్నావా?" అని అడిగింది.

నిచ్చెన నా వైపు చూసి, సంచిలోంచి నలిగిపోయిన ట్యూబు ఒకటి తీసింది. అది జట్టంతటిదీ. చెమటకు తడిసిన షార్ట్స్‌తో గంటల తరబడి ఆడి పిల్లలకు తొడల్లో తామర పట్టిందట. ఎవరో మందుల షాపులో అడిగి తెచ్చారు. దురద చిటికెలో తగ్గింది. ఇంకేం, బంతి ఎలా అందిస్తారో ట్యూబు కూడా అలాగే ఒకరికొకరు అందించుకుంటూ నెలల తరబడి రాసుకున్నారు. ఇంట్లో తల్లులకు చెబితే ఆట మానిపిస్తారని ఎవరూ నోరు విప్పలేదు.

"దీంట్లో స్టెరాయిడ్ ఉంది," అంది డాక్టరు. "దురద తగ్గినట్టే ఉంటుంది, తామర మాత్రం మొండికేస్తుంది, చర్మం పల్చబడి చిట్లుతుంది. ముందు ఇది ఆపాలి. తామరకి సరైన మందు రాస్తాను. మీ జట్టులో అందర్నీ వచ్చి చూపించుకోమను."

"మరి చారలు?"

"కొత్తవి, ఎర్రగా ఉన్నవాటికి కొన్ని క్రీములు కొంత పనిచేస్తాయి. తామర తగ్గాక చూద్దాం. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం వాటి జోలికి పోకూడదు. లేజరుంది, సన్నని సూదులతో చేసే చికిత్స ఉంది. వాటితో మసకబడతాయి. పూర్తిగా తుడిచేసేది ఏదీ లేదు. ఏమీ చేయకపోయినా కాలం గడిచేకొద్దీ పాలిపోతాయి."

"నూనె రాస్తే?" అని అక్క అడిగింది.

"ఒళ్ళు మెత్తగా ఉంటుంది. అంతే."

అక్క తలూపింది. ఆ ఊపడం చూశాక ఇక అక్క ఊరుకోదని నాకు అర్థమైంది.

దారిలో నిచ్చెన అంది, "నాకర్థమైంది పెద్దమ్మా. కానీ మా జట్టు వాళ్ళందరూ ఆ బోర్డు ముందునుంచే స్కూలుకెళ్తారు. అందరికీ పోతాయి, నీకెందుకు పోలేదంటారు. ఎంతమందికని చెప్పను? అది దిగితే వెళ్తా గ్రౌండుకి."

"దిగుతుంది," అంది అక్క. ఉద్యోగం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరి ఉద్యోగాలూ ఒకే గుమ్మంలో ఉన్నాయి మరి.

ఆ శనివారం సాయంత్రం షాపు కిటకిటలాడుతోంది. అక్క నేరుగా ఓనరు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగానే చెప్పింది. వెనక గది తలుపు దగ్గరనుంచి నేను విన్నాను.

"సార్, ఆ బోర్డు తీసేయండి. అది నా పొట్ట, అబద్ధానికి వాడుకోవద్దు."

ఆయన నవ్వాడు. కొత్త షాపు తెరుస్తున్నానని, దానికి నిన్నే పెద్దను చేద్దామనుకుంటున్నానని అన్నాడు. అక్క వద్దంది. అప్పుడాయన గొంతు తగ్గించాడు.

"పొట్ట మీద పేరు రాసుందా ఏంటి? అది నీదంటే ఎవరు నమ్ముతారు?"

ఆయన చేసిన తప్పు అదీ. ఆ మాట ఇంకెవరితో అన్నా చెల్లేది. పైగా బోర్డు మీద పొట్టనూ, ఆ పొట్ట గల మనిషినీ ఒకే కప్పు కింద పెట్టుకున్న తెలివిమంతుడు ఆయన.

అక్క లిప్‌స్టిక్కులు చూపించే దగ్గరున్న చిన్న దీపాన్ని తీసుకుని, తీగ లాక్కుంటూ బోర్డు పక్కకు వెళ్ళి నిలబడింది. చొక్కా కింది బొత్తాలు విప్పింది.

"అమ్మా, అందరూ ఇటు చూడండి! సిగ్గుపడకండి, నాకే లేదు. ఇదిగో, దీపం పక్కనుంది. ఇది 'ముందు'. ఇదిగో, ఎదురుగా పెట్టాను. ఇది 'తర్వాత'. నడుమ నూనె చుక్క పడలేదు. నమ్మకపోతే పుట్టుమచ్చ చూసుకోండి, మూడు చోట్లా ఒకటే!"

ఆడవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఒకావిడ బోర్డు మీద వేలు పెట్టి చూసి, అక్క పొట్ట మీద కూడా వేలు పెట్టి చూసింది. ఎవరో పకపకా నవ్వారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక అమ్మాయి అప్పుడే కొన్న సీసాను సంచిలోంచి తీసి కౌంటరు మీద పెట్టేసింది.

ఓనరు ముఖం కందగడ్డ అయింది. "రేపట్నుంచి రానక్కర్లేదు! ఇప్పుడే వెళ్ళు!"

అక్క బ్యాడ్జీ పీకి కుర్చీలో పెట్టింది. ఒక్క క్షణం ఆ కుర్చీ వీపు మీద చెయ్యి ఆన్చింది. తర్వాత తిరిగి బోర్డు దగ్గరికే వచ్చింది.

"వెళ్తాను. ఇది దించాక వెళ్తాను."

"అది నా షాపు బోర్డు!"

"పొట్ట నాది!"

అప్పుడు గల్లాపెట్టె మూసిన చప్పుడైంది. ఓనరమ్మ లేచి వస్తోంది. ఇక అక్కకు మూడిందనుకున్నాను. ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, బోర్డు మీద పొట్టను దగ్గరగా చూసింది. వంగి అక్క పొట్టను చూసింది. నిటారుగా నిలబడి భర్త వైపు తిరిగింది.

"నాక్కూడానా?"

ఓనరు ఒకడుగు వెనక్కి వేశాడు.

"రోజూ రాత్రి అడిగేవారు కదండీ, రాసుకున్నావా అని," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అడిగి సీసా కూడా మీరే అందించేవారు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆవిడంటే నాకు అంతకుముందు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఆ క్షణాన మాత్రం వెళ్ళి కౌగిలించుకోవాలనిపించింది. అక్క చొక్కా దించుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారూ, మీవి పోలేదంటే తప్పు మీ ఒంటిది కాదు."

ఓనరమ్మ మెడ దగ్గరి బొత్తం ఒకటి విప్పుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత వంగి బోర్డు ఒక అంచు పట్టుకుంది.

"నువ్వా వైపు పట్టు," అంది అక్కతో.

ఇద్దరూ దాన్ని లేపారు. ఓనరు అడ్డం రాబోయి, తన వైపు చూస్తున్న అంతమంది ఆడవాళ్ళను చూసి ఆగిపోయాడు. గుమ్మం బయట జనం పక్కకు తప్పుకున్నారు. ఆ జనంలో అందరికంటే ఎత్తుగా మా నిచ్చెన తల కనబడింది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. బోర్డు గుమ్మం దాటి మెట్ల మీద బోర్లా పడేదాకా చూసి, అక్కడి నుంచే అంతమంది వినేలా నన్ను కేకేసింది.

"అమ్మా, నా షార్ట్స్ ఉతికావా?"