కుండ దించిన గొల్లభామ

డెబ్బైల్లో ఒకసారి కొండపల్లి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ చేతిరుమాలు విప్పి ఒక బొమ్మను బయటికి తీసింది. పాత కొండపల్లి గొల్లభామ. అప్పటికే నా అలమర నిండా అలాంటివి ఉండేవి. బొమ్మ వయసు చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

"ఇది మీ తాతల నాటిదండీ," అన్నాను, ఆవిడ అడక్కుండానే. "ఆకుపసర్ల రంగు. ఇప్పటి పెయింటైతే తళతళలాడుతుంది. నెత్తిన కుండ విరిగింది గానీ, లేకపోతే దీని విలువే వేరు. అయినా ఇస్తానంటే తీసుకుంటాను."

"విరగలేదండీ, మేమే తీయించాం," అందావిడ. "క్రిస్మస్‌కి మా ఇంట్లో కట్టే పశువుల పాకలో మరియమ్మ ఈవిడే. మా అత్తగారు చూసి, 'బాలింత నెత్తిన చల్లకుండేంటర్రా, దించండి' అన్నారు."

బొమ్మ తల తడిమి చూశాను. కుండ ఉన్నచోట ఎవరో నున్నగా చెక్కి, నీలం ముసుగు దిద్దారు. మళ్లీ బేరం ఎత్తలేదు.

ఆ తర్వాత నా అలమరలోకి ఇంకా చాలామంది గొల్లభామలు వచ్చారు. ఒక్కరికీ చిన్న పగులైనా లేదు, అందరూ మంచి విలువైనవాళ్లే. అందరూ ఇప్పటికీ కుండలు మోస్తూనే ఉన్నారు.