ఎల్లారెడ్డిలో ఆరో కార్డు

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఒక ఇంగ్లీషు నర్సును కాల్చి చంపారు. శత్రువు మీద జనానికి కసి పుట్టించడానికి ఆమె చావు బొమ్మలతో అప్పట్లో ఆరు పోస్టుకార్డులు అచ్చయ్యాయి. నా దగ్గర ఐదున్నాయి. ఆరోది ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే ఒక అవ్వ ఇంట్లో ఉందని మా ఆఫీసులో ఆ ఊరాయన చెప్పగానే సెలవు పెట్టేశాను. భార్య పోయాక నా సెలవులకు వేరే పని లేదు.

పొద్దున ఆరింటికి ఆల్బం సంచిలో పెట్టుకుని కాచిగూడలో పాసింజరెక్కాను. కామారెడ్డిలో దిగేసరికి పది దాటింది. బస్టాండు దగ్గర పూరీ తిన్నాను. చెప్పుకోదగ్గ రుచేమీ కాదు. ఎల్లారెడ్డి బస్సులో పక్కసీటాయన, దుబాయి నుంచి వచ్చిన తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్తున్నాడట, మీరెవరింటికని అడిగాడు. ఒక బొమ్మ చూడ్డానికన్నాను. "గింత దూరం బొమ్మ కోసమా?" అని కిటికీ వైపు తిరిగాడు.

అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల గోడకు, పోయిన పెద్దల ఫొటోల పక్కన, కార్డు పటం కట్టి ఉంది. అద్దం మీద కుంకుమ బొట్టు. తెల్లబట్టల్లో నేలమీద పడివున్న నర్సు. అసలు బొమ్మలో ఆమె పక్కన ఇనుపటోపీ పెట్టుకున్న అస్థిపంజరం ఉండాలి. కసి రేపేది అదే. దానిమీద ఎర్రకాగితం అంటించేశారు. నా ప్రాణం ఉసూరుమంది.

అవ్వ తండ్రి ఆ యుద్ధంలో నిజాం పటాలంలో గుర్రాలు చూసుకుంటూ మిసర్ దేశం దాకా, అంటే ఈజిప్టు దాకా వెళ్లాడట. అక్కడి దవాఖానలో ఎవరో ఈ కార్డు ఇచ్చారట. కాగితం సంగతి అడిగాను.

"మా బాపే అంటిచ్చిండు. సచ్చిపోయినామె పక్కన గా బొక్కలోడు ఎందుకు, భయపడ్తది అన్నడు."

ఏటా పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటీ పైకి చెప్పి బియ్యం ఇస్తారు కదా, వాళ్లతో పాటు ఈ నర్సుకూ ఇస్తారట. పేరు తెలియక మిసరమ్మ అంటారు. నిజానికి ఆమె మిసర్ మొహం చూసింది కాదు. నేనా మాట చెప్పలేదు.

కార్డు ఇస్తావా అని అడిగేశాను. అవ్వ చేతులు ఆగాయి.

"తీస్కపో బిడ్డా. గని యేటేటా ఆమెకు బియ్యం ఇయ్యాలె. మీ ఇంట్ల ఎవరిస్తరు?"

మాలో ఆ పద్ధతి లేదనీ, భార్య పోయాక ఇంట్లో నేనొక్కణ్ణేననీ చెప్పాను. మరి నీ భార్యకో అంది. ఆల్బం సంచి ఒళ్లోకి తీసుకున్నాను.

"ఆమె పేరు చెప్పు."

చెప్పాను. ఆమె పోయాక ఆ పేరు నోటితో పలకడం అదే మొదలు. అవ్వ మరిచిపోకుండా రెండుసార్లు తనలో తాను అనుకుంది.

సాయంత్రం బస్సుకు వచ్చేశాను. కార్డు గోడమీదే ఉంది. రైల్లో ఆల్బం తెరిచాను గానీ, ఆ ఐదు కార్డుల్లోని అస్థిపంజరాలను చూడబుద్ధి కాలేదు, మూసేశాను. మీరెవరైనా వెళ్లాలనుకుంటే కామారెడ్డి నుంచి బస్సులకు కొదవ లేదు. పెత్రమాస నాడు వెళ్లండి. మిసరమ్మ తరవాత మా సుశీల పేరు వినిపిస్తుంది.