సత్తెన్న పంపిన గులాబీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా చెబితే ముఖం మీదే నవ్వేదాన్ని. నా ఉద్యోగం మెయిల్ సర్వర్ చూసుకోవడం. అందులో చీమ కదిలినా లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, ఒక లైను పడుతుంది. లైను లేదంటే ఆ పని జరగనట్టే.

మాది వరంగల్. ఇప్పుడుండేది సూరత్‌లో. మావారి ఉద్యోగం ఆ పక్కనే హజీరాలో, నాది కడోదరా దగ్గర ఒక చీరల మిల్లులో. మిల్లు మొత్తానికి ఒకటే సర్వర్. ఒకరు దాన్ని నింపేస్తే అందరి మెయిళ్లూ ఆగిపోతాయి.

ఆ నింపే మనిషి సత్తెన్న. ప్యాకింగ్ సూపర్‌వైజర్, మా వైపు వాడే. రోజూ పొద్దున్నే మిల్లులో అందరికీ ఒక గులాబీ ఫోటో, కింద 'జై శ్రీకృష్ణ'. ఒక్కో ఫోటో ఎంత బరువో! నెలకోసారి కూర్చుని అన్నీ తుడిచేసేదాన్ని.

"పారేసే ముందు జర ఒక్కసారి సూడు చెల్లె, అండ్ల పనికొచ్చేదేమన్న ఉంటది" అనేవాడు.

పనికొచ్చేదట, గులాబీల్లో!

మొన్న వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. చాలా ఏడ్చాను. ఆయన ఖాతా నేనే మూసేశాను. ఇక సర్వర్‌కి ఊపిరాడుతుందని కూడా అనుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. కానీ ఆయన గుర్తుగా మరో నలుగురు గులాబీలు పంపడం మొదలుపెట్టారు. ఒళ్లు మండి ఒక రూల్ రాశాను: 'జై శ్రీకృష్ణ' అని ఉన్న ప్రతి మెయిలూ నేరుగా స్పామ్‌లోకి.

రెండు వారాలకు సేల్స్ చూసే హితేశ్‌భాయ్ పరుగెత్తుకొచ్చాడు. రాజ్‌కోట్ పార్టీ ఆర్డరు పంపామంటోంది, ఈయనకు అందలేదు. సాయంత్రంలోగా దొరక్కపోతే రేపట్నుంచి రావద్దని మిల్లు యజమాని సేఠ్ చెప్పేశాడట. ఇద్దరు పిల్లల తండ్రి, కళ్లలో నీళ్లు.

"నా సర్వర్ మెయిళ్లు మింగదు భాయ్" అని పంపేశాను.

ఆ మధ్యాహ్నమే డిస్క్ నిండింది. స్పామ్ మొత్తం మళ్లీ దొరక్కుండా తుడిచేద్దామని బటన్ మీదికి వెళ్లాను. సరిగ్గా అప్పుడు నా ఇన్‌బాక్సులో ఒక మెయిల్ పడింది. నేను మూసేసిన సత్తెన్న అడ్రసు నుంచి. గులాబీ, కింద జై శ్రీకృష్ణ.

అడ్రసు మళ్లీ చదివాను. ఆ వెంటనే కోపం వచ్చింది. ఎవడో ఆయన పేరుతో ఆట పట్టిస్తున్నాడు. సరే, నా రూల్ దాటి ఎలా వచ్చాడు? రూల్ అసలు పనిచేస్తోందా అని స్పామ్ తెరిచాను.

బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సూరత్‌లో వ్యాపారులు ఉత్తరం మొదలుపెట్టేదే జై శ్రీకృష్ణతో. కూరగాయల బండి నుంచి సేఠ్ క్యాబిన్ దాకా నాలుగేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను, బుర్రకు తట్టలేదు. మిల్లుకు వచ్చిన వ్యాపారమంతా నా చెత్తబుట్టలో ఉంది. రాజ్‌కోట్ ఆర్డరు కూడా.

సేఠ్ దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పి, పడాల్సిన తిట్లు పడ్డాను. హితేశ్‌భాయ్ ఉద్యోగం నిలబడింది. ఆయన ఒక్క మాట అనకపోగా మర్నాడు ఫాఫ్డా, అదే వాళ్ల శనగపిండి చిరుతిండి, తెచ్చి పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆ మెయిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని లాగ్ అంతా గాలించాను. ఒక్క లైను కూడా లేదు. నాకంటే తెలిసినవాళ్లకు చూపించాను. వాళ్లూ తల గోక్కున్నారు.

మెయిల్ మాత్రం ఇన్‌బాక్సులోనే ఉంచాను. తెరిస్తే తెర నిండా గులాబీ కనిపిస్తుంది. సైజు దగ్గర చూస్తే సున్నా. బతికున్నన్నాళ్లూ నా సర్వర్‌ని నింపి నా చేత తిట్లు తిన్న సత్తెన్న, ఈసారి రవ్వంత చోటు కూడా తీసుకోలేదు.