ఒకటో తేదీన పుట్టిన నోరీన్

అమెరికాలో కెనడా సరిహద్దునున్న పోర్ట్ హ్యూరన్ ఊళ్లో జుట్టు కత్తిరించే నోరీన్ దుకాణంలో ఒకటే నియమం: ఎంతైనా అరుచుకోవచ్చు గాని తల కదపకూడదు. కత్తెర చెవికి తగిలితే పూచీ ఆవిడది కాదు.

ఆ వేసవంతా అక్కడ నడిచిన గొడవ వైద్యం ఖర్చు గురించే. రిటైరైన టీచరమ్మ డొలోరెస్ దేశంలో అందరికీ సర్కారే వైద్యం చేయించాలంటుంది. ఫ్యాక్టరీ రాండీకి తన కంపెనీ ఇచ్చే బీమా చాలు, దాని జోలికొస్తే ఊరుకోడు. వంతెన దాటి కెనడా నుంచి వచ్చే నోరీన్ ఆడపడుచు పాలీన్‌ది ఇంకో పాట.

"మా దగ్గర ఆసుపత్రి బిల్లంటే ఏంటో తెలీదు వదినా."

"మోకాలి ఆపరేషన్‌కి వంతు రాక ఏడాదిగా కుంటుతున్నావు, అదైనా తెలుసా?" అని రాండీ ఎత్తిపొడిచేవాడు.

"కుంటితే కుంటాను. ఇల్లమ్ముకోలేదుగా!"

రెండో కుర్చీ దగ్గర పనిచేసే క్రిస్టల్‌కి నలభై దాటాయి, బీమాయే లేదు. ఆమె ఈ వాదనల్లో నోరెత్తేది కాదు. నోరీన్ అందరితోనూ నవ్వేది, ఏ పక్షమూ చేరేది కాదు. ఆవిడ కొనుక్కున్న చవక బీమా, ముందు కొన్ని వేల డాలర్లు మన జేబులోంచి కక్కాకే కదులుతుంది.

జూన్‌లో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. వాళ్లమ్మ పోయింది ఆ జబ్బుతోనే. అక్టోబరులో అరవై అయిదు నిండుతాయి, పెద్దవాళ్లకి సర్కారిచ్చే మెడికేర్ వచ్చేస్తుంది, అప్పుడు చూపించుకుందాంలే అని నోరు కుట్టేసుకుంది. లెక్కలు బాగా వచ్చినవాళ్లు చేసే తెలివితక్కువ పని ఇది. రోగాన్ని పుట్టినరోజుదాకా ఆగమంటారు!

సెప్టెంబరు మొదట్లో ఒకరోజు డొలోరెస్ తలకి షాంపూ పెడుతుంటే నోరీన్‌కి దుఃఖం ఆగలేదు. కన్నీళ్లు పెద్దావిడ నుదుటి మీద పడ్డాయి.

"ఏమైందే?"

నోరీన్ మొత్తం చెప్పేసింది.

"ఎంత పిచ్చిదానివే! ఏ తేదీన పుట్టావు?"

"అక్టోబరు ఒకటిన."

డొలోరెస్ నురగ తలతోనే లేచి కూర్చుంది. "ఒకటో తేదీన పుట్టినవాళ్లకి మెడికేర్ ముందు నెలలోనే మొదలవుతుందే! మా ఆయనకీ అంతే. కార్డేదీ?"

ఎప్పుడో వచ్చిన కార్డుని నోరీన్ పర్సులో దోపుకుందే గాని చదవలేదు. తెలిసిన తేదీయే కదా అనుకుంది. తీసి చూస్తే సెప్టెంబరు ఒకటి నుంచే అని ఉంది.

"నా తల నేను కడుక్కుంటాగాని, నువ్వు డాక్టరుకి ఫోన్ చెయ్యి," అంది డొలోరెస్.

వారం తిరక్కుండానే స్కాన్ తీశారు. డాక్టరమ్మ సూది గుచ్చి నీళ్లు లాగేసింది. గోలీకాయ మాయమైంది. "ఇది ఉత్త నీటి తిత్తి. క్యాన్సర్ కాదు," అంది. నోరీన్ కారులో కూర్చుని పెద్దగా నవ్వింది, ఏడ్చింది, వేసవంతా పాడైన నిద్ర గుర్తొచ్చి ఎవర్నో తెలియకుండానే తిట్టింది.

మర్నాడు నోరీన్ సంగతంతా చెప్పగానే దుకాణంలో చప్పట్లు. రాండీ కుర్చీలోంచే ఈల వేశాడు. క్రిస్టల్ వచ్చి కావిలించుకుంది, ఎంతకీ వదల్లేదు.

"అదృష్టవంతురాలివక్కా. నీకు మెడికేర్ నెలల్లో వచ్చేసింది," అంది చెవిలో.

"నీకేమైందే?"

"ఏడాదిగా దొడ్డికెళ్తే రక్తం పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. అరవై అయిదు రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పైనే ఉంది కదా..."

నోరీన్ కత్తెర బల్ల మీద పెట్టి, తలుపుకి 'మూసివేయబడినది' అట్ట తగిలించింది.

"రాండీ, నీ తల మిగతా సగం రేపు."

"ఇలాగే ఇంటికెళ్లమంటావా!"

"టోపీ పెట్టుకో."

"డబ్బెలాగక్కా?" అంది క్రిస్టల్.

"బిల్లు గురించి ఆసుపత్రివాళ్లతో తర్వాత కొట్లాడదాం, ఇద్దరం కలిసే. ముందు కారెక్కు."

సందు మలుపు తిరిగేలోగా క్రిస్టల్ ఏడుపు అందుకుంది. నోరీన్ ఊరుకోమనలేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.