రెండో తుమ్ము

ఆ రోజుల్లో నా ముక్కుకున్న పలుకుబడి నాకుండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో ఒక డిగ్రీ, పొలాలకు డ్రిప్పు పైపులు అమర్చే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. నేను నోరు తెరిచి ఏమైనా చెబితే చెవిన పెట్టే రైతు ఉరవకొండ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. అదే నేను తుమ్మితే మాత్రం ఎంతటి మోతుబరి అయినా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయేవాడు. శరత్కాలం అనగానే పుస్తకాల్లో వెన్నెల గురించీ తెల్లమబ్బుల గురించీ రాస్తారు. మా మెట్ట నేలలో ఆ కాలానికి గుర్తు వేరు. దసరా దాటి వేరుశనగ పీకి, కుప్పలు వేసి, మిషన్లకు పట్టించడం మొదలైందంటే ఊరంతా ఎర్రటి సన్నని దుమ్ము లేస్తుంది. పొద్దున ఎండ మెత్తగా ఉంటుంది, రోడ్డు పక్క బుట్టల్లోకి సీతాఫలాలు వస్తాయి, ఆకాశం కడిగిపెట్టినట్టు ఉంటుంది, కారణం లేకుండానే మనసులో ఏదో దిగులు పుడుతుంది. ఆ దిగులును తీరిగ్గా అనుభవిద్దామని నేనూ చాలాసార్లు ప్రయత్నించాను. అంతలోనే తుమ్ము వచ్చేది.

తుమ్ము వస్తే వచ్చింది, అది ఒక్కటే రావడం నా ఖర్మ. ఒంటి తుమ్ము తుమ్మితే బయల్దేరినవాడు ఆగి, కూర్చుని, నీళ్లు తాగి మరీ పోవాలనీ, వెంటనే రెండోది తుమ్మితే ఏ దోషమూ లేదనీ మా వైపు నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. అందరికీ జంటగా వచ్చే తుమ్ము నాకు బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒంటరిగానే వచ్చింది. రెండోదాని కోసం నేను పడని పాట్లు లేవు. (నశ్యం పీల్చాను. సూర్యుడి వైపు కళ్లు చిట్లించి చూశాను. ఒకసారి ఎండుమిరప బస్తాలో తల కూడా పెట్టాను. కన్నీళ్లు వచ్చాయి, దగ్గు వచ్చింది, పక్కింటివాళ్లు వచ్చారు, రెండో తుమ్ము మాత్రం రాలేదు.) ఒక పల్లెలో ఒక పెద్దాయన, నేను గట్టు మీద తుమ్మిన పాపానికి గంటసేపు పొలం కొలవనివ్వలేదు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి, కాల్చిన వేరుశనగ కాయలు మా ముందు పోసి, నా ముక్కు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మా ముందు అన్నాను కదా, ఆ రెండోవాడే టేపు. మా ఇద్దరి పని పొలాలు కొలవడం. కొలిచే టేపు ఎప్పుడూ అతని చంకలోనే ఉండేది కాబట్టి ఊళ్లల్లో అందరూ అతన్ని టేపు అనేవారు. అతను ఒక కొస పట్టుకుని గట్టు మీద నిలబడితే, నేను రెండో కొస పట్టుకుని కంపచెట్లలో పడి పోయేవాణ్ణి. (కంపచెట్లు ఎప్పుడూ నా వైపే ఎందుకుండేవో మూడేళ్లపాటు నాకు తట్టలేదు.) అతని బండి మీద మేమిద్దరం తిరగని పల్లె లేదు. అటు పామిడి దగ్గర పెన్న ఇసుకలో బండి దింపి తోసుకుంటూ నడిచాం. ఇటు అనంతపురం పోయి ఒకే సీతాఫలం చెరిసగం చేసుకుని గింజలు ఎవరు దూరం ఊస్తారని పందెం వేసుకున్నాం. అతను నడిపేవాడు, నేను వెనక కూర్చుని అతని వీపు మీద తుమ్మేవాణ్ణి. అతనికి శకునాల నమ్మకం ఏ కోశానా లేదు. అయినా తుమ్మినప్పుడల్లా వెనక్కి తిరక్కుండానే, "ఇంగోటి ఎయ్‌రా, పోదాం" అనేవాడు. ఆ మాట వినడానికే తుమ్ముతున్నానా అని నాకే అనుమానం వచ్చేది.

అలాంటి టేపుకు ఆ ఏడాది వేరుశనగ పీకే రోజుల్లోనే రాజస్థాన్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడెక్కడో ఎడారిలో గాలిమరలు పాతే కంపెనీకి భూమి కొలిచేవాళ్లు కావాలట. సోమవారం పొద్దున చేరాలి, చేరకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతివాడికి పోతుంది. పామిడి దగ్గర పల్లెలో కూలి పని చేసుకునే టేపు వాళ్ల నాయన ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, చదవడం వచ్చిన ప్రతివాడి చేతా చదివించుకున్నాడు. మేము అద్దెకున్న మిద్దె గది యజమానురాలు ఒక అవ్వ. ఆమె మాత్రం, "ఈడ వానల్లేవని మేం ఏడుస్తాంటే, నువ్వు వానంటేనే తెలీని ఊరికి పోతాండావా అప్పా" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నేను అందరికంటే గట్టిగా నవ్వి, అతని వీపు తట్టి, పెట్టె కొనడానికి కూడా వెంట పోయాను. లోపల మాత్రం, రేపటి నుంచి రెండో కొస ఎవడు పట్టుకుంటాడన్న ప్రశ్న ముల్లులా దిగి కూర్చుంది.

గురువారం పొద్దున ప్రయాణం. ఉరవకొండలో పది గంటల బస్సెక్కితే గుంతకల్లులో మధ్యాహ్నం రైలు అందుతుంది. బయల్దేరే ముందు టేపు వాళ్ల నాయన అందరినీ అవ్వ వాకిట్లో నిలబెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. వాళ్లు క్రైస్తవులు. ఆయన ప్రార్థన తీరిగ్గా ఉంటుంది. ఉరవకొండ నుంచి రాజస్థాన్ దాకా దారిలో వచ్చే ఊళ్లన్నీ దేవుడికి ఒక్కొక్కటిగా అప్పజెబుతున్నాడు. అవ్వ కూడా చేతులు జోడించి కళ్లు మూసుకుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, వీధి చివరి కుప్ప నుంచి గాలి మళ్లింది. నాకు ముక్కులో చురుక్కుమంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ముక్కు కింద బొటనవేలితో గట్టిగా అదిమిపెడితే నా తుమ్ము ఆగిపోతుంది. ఆ కిటుకు నేను అప్పటికే కనిపెట్టాను. ఆ రోజూ చెయ్యి ఎత్తాను. అప్పుడే ఆయన, "ప్రభువా, నా బిడ్డ ప్రయాణానికి ఏ అడ్డూ రానీకు" అంటున్నాడు. ఆ మాట వింటుండగానే నా చెయ్యి గడ్డం దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ణి, ఇప్పుడు చెప్పగలను. వాడు పోవడం నాకు ఇష్టం లేదు. వాకిలి అదిరేలా తుమ్మాను.

అవ్వ కళ్లు తెరిచింది. అందరూ రెండోదాని కోసం నా ముక్కు వైపు చూశారు. ఎక్కణ్ణుంచి వస్తుంది? టేపు వాళ్ల నాయన ఆమెన్ అని ముగించి, మాకీ పట్టింపులు లేవమ్మా అంటూనే అందరికంటే ముందు పోయి అరుగు మీద కూర్చున్నాడు, అందరికంటే ముందు నీళ్లూ ఆయనే అందుకున్నాడు. టేపు ఒక గ్లాసు తాగి, ఎప్పుడూ లేనిది ఇంకో గ్లాసు అడిగి, దాన్ని గుక్కగుక్కగా తాగాడు. ఆ లోపల బస్సు కాస్తా పోయింది. తర్వాతి బస్సు పట్టుకుని గుంతకల్లు చేరేసరికి రైలు లేదు. సాయంత్రానికి టేపు పెట్టెతో సహా తిరిగొచ్చాడు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నీ నోరు పోయిరా అంటాండాది, నీ ముక్కు పోవద్దంటాండాదప్పా" అంది.

చీకటి పడక ముందే టేపు మిద్దె మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కింద వాకిట్లో ఎండబోసిన కాయల్ని అవ్వ కాలితో కలబెడుతోంది. నిజం చెప్పమన్నాడు, కావాలనే తుమ్మినావా అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తుమ్ము ఎవడి చేతిలోనైనా ఉంటుందా అని, చదివింది చదవనిది కలిపి దుమ్ము గురించీ ముక్కు గురించీ పావుగంట ఉపన్యసించాను. అతను అంతా విని, "సరేలేరా, నువ్వు లేదంటే లేనట్టే" అన్నాడు. తిట్టినా బాగుండేది. రేపటి రైలు కూడా తప్పితే ఇంక సోమవారానికి అందుకోలేనని, నాయన ఊరంతా చెప్పుకున్నాడని, మెల్లగా చెప్పి లేచిపోయాడు. నా జీవితంలో నా ముక్కును నేను అసహ్యించుకున్నంతగా ఇంకే మనిషినీ అసహ్యించుకోలేదు.

శుక్రవారం పొద్దున నేను ముక్కుకు బట్టల క్లిప్పు పెట్టుకుని వాకిట్లోకి వచ్చాను. నీలం రంగుది, అవ్వ దండెం మీదిది. దాని పైన తడి తువ్వాలు కూడా కట్టాను. వీధిలో పిల్లలు వెంటపడ్డారు, నేను లెక్కచెయ్యలేదు. టేపు వాళ్ల నాయన ప్రార్థన ఆ రోజు నాలుగు ముక్కల్లో అయిపోయింది, అదీ ఒక కన్ను తెరిచి నా మీదే పెట్టుకుని. బస్టాండుకు నడుస్తుంటే ఎండు మేత ట్రాక్టరు ఒకటి దుమ్ము రేపుకుంటూ మా పక్కనే పోయింది. ఊపిరి బిగబట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గెలిచాను అనుకున్నాను.

టేపు డ్రైవర్ వెనక సీట్లో కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను ఆ కిటికీ కింద నిలబడ్డాను. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాట ఒకటుంది. నిన్న తప్పు నాదేననీ, నువ్వు లేకపోతే ఈ ఊళ్లో నాకు పొద్దుపోదనీ, రెండూ కలిపి. కానీ క్లిప్పు పెట్టుకుని మాట్లాడితే గొంతు మూకుడులోంచి వచ్చినట్టుంది. పక్క సీటు ఆమె నవ్వుతోంది. ఈలోగా టేపు సంచిలోంచి మా కొలిచే టేపు తీసి, మొదటి మీటరు అరిగిపోయి అంకెలు కనిపించని ఆ పాత టేపు, నా చేతిలో పెట్టాడు. "ఇంగ రెండు కొసలూ నువ్వే పట్టుకోవాల" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నా వైపు చూడలేదు. బస్సు కదిలింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తువ్వాలు లాగేసి క్లిప్పు పీకేశాను. బస్సు పైన వేరుశనగ మూటలున్న సంగతి అప్పటిదాకా నేను చూడలేదు. కుదుపుకు దుమ్మంతా నా మొహం మీదే రాలింది.

ఆ తుమ్ముకు డ్రైవర్ బ్రేకు వేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవురప్పా, బండి కదిలేటప్పుడు తుమ్మింది? ఇంగోటి తుమ్ము, పోదాం" అన్నాడు, అని ఇంజను కూడా ఆపేశాడు. బస్సు మొత్తం నా వైపు తిరిగింది. సూర్యుణ్ణి చూడమని ఒకరు, ముక్కులో ఈనెపుల్ల పెట్టుకోమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఒకామె సంచిలోంచి వేరుశనగ చెట్టు తీసి ఇచ్చి, దులుపుకొని పీల్చమంది. నేను అన్నీ చేశాను. దుమ్ము పీల్చాను, సూర్యుణ్ణి చూశాను, ఆ పూటకు దేవుళ్లందరికీ మొక్కాను, టేపు వాళ్ల దేవుడికి కూడా. గడియారంలో ముల్లు పోతోంది. రైలు తప్పితే వాడి బతుకు నా ముక్కు దగ్గరే ఆగిపోతుంది. టేపు వాళ్ల నాయన తువ్వాలు తీసి నేల మీద పరుచుకుని కూర్చోబోతున్నాడు.

అప్పుడు కిటికీలోంచి "హాచ్" అని వినిపించింది. అంత అబద్ధపు తుమ్ము నేను ఇంతవరకు వినలేదు. టేపు ముక్కు కూడా తుడుచుకుని, రెండైనాయి, ఇంక పోనీ అన్నా అన్నాడు. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. "వాడు తుమ్మినదానికి నువ్వు తుమ్మితే యాడ జతైతాదప్పా?" అన్నాడు. టేపు తడుముకోకుండా, "మూడేండ్లు ఒగే టేపుకు చెరో కొస పట్టుకున్నోళ్లమన్నా. మా ఇద్దరిదీ కలిపే లెక్క" అన్నాడు. డ్రైవర్ నా చేతిలో టేపునూ, రెండో చేతిలో నీలం క్లిప్పునూ చూసి, ఏమనుకున్నాడో, ఇంజను స్టార్ట్ చేశాడు. రెండు చేతులూ నిండి ఉండటంవల్ల నేను చెయ్యి కూడా ఊపలేదు. కూర్చి పెట్టుకున్న మాట అలాగే ఉండిపోయింది. బస్సు మలుపు తిరిగాక టేపు వాళ్ల నాయన నా భుజం మీద చెయ్యి వేసి, దుమ్ముకు తన కళ్లు కూడా నీళ్లు కారుతున్నాయని అన్నాడు. అవును దుమ్మేనని నేనూ ఒప్పుకున్నాను.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్లు. టేపు ఆ ఎడారిలోనే పెద్ద పని మీద ఉన్నాడు, మీసాలు నెరిశాయి. నేను అనంతపురంలో ఉంటున్నాను. పొలాలిప్పుడు ఫోన్లతో కొలుస్తున్నారు. పాత టేపు మా బీరువాలో బట్టల కింద ఉంది. నా తుమ్ము మాత్రం ఏమీ మారలేదు. మొన్న ఆఫీసుకు బయల్దేరి గుమ్మంలో తుమ్మగానే, బడిలో సైన్సు చెప్పే మా ఆవిడ మారుమాట లేకుండా కుర్చీ జరిపి నీళ్లు తెచ్చింది. నేను మామూలుగా టేపుకు ఫోన్ చేశాను. (నాకు శకునాల మీద నమ్మకం లేదు. ఈ మాట రాసి పెట్టుకోండి.) ఎత్తగానే ఏమీ అడక్కుండా వాడు "హాచ్" అన్నాడు, ఇంక పో అన్నాడు. ఏటా ఈ దుమ్ము రోజుల్లో మాకిది మామూలే. కానీ ఈసారి ఫోన్ పెట్టకుండా, "ఇంగన్నా చెప్పురా, ఆ గురువారం కావాలనే కదా తుమ్మినావు" అన్నాడు.

అవునన్నాను. ఇరవై ఏళ్లుగా బరువనుకున్నది చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది.

వాడు మెల్లగా అన్నాడు: "తెలుసులేరా. నువ్వు చెయ్యి ఎత్తి, ముక్కు దాకా పోనీకుండా గడ్డం కాడే నిలిపేసేది చూస్తి. ప్రార్థనలో నేనూ కండ్లు తెరుచుకొనే ఉంటి. ఆ పొద్దు నీళ్లు తాగేటప్పుడు బస్సు హారన్ కూడా నాకు ఇనపడె. నాయనకు చెప్పలేదు."

ఆ రెండో గ్లాసు నీళ్లు, గుక్కగుక్కగా తాగడం, అన్నీ కళ్ల ముందు కదిలాయి. ఒక్క రోజు ఆలస్యం కోసం మేమిద్దరం వేర్వేరుగా కుట్ర పన్నామన్నమాట. అది తెలియక ఒక వెర్రివాడు ఇరవై ఏళ్లపాటు తన ముక్కును తిట్టుకున్నాడు. ఫోన్ పెట్టేశాక చెప్పులేసుకున్న కాళ్లతోనే కుర్చీలో కూర్చున్నాను. బయట ఎక్కడో మిషను ఆడుతున్న చప్పుడు వస్తోంది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని మా ఆవిడ గుర్తు చేసింది. ఇంకో గ్లాసు నీళ్లు ఇమ్మన్నాను.