ఎర్రబారిన ఊట

పొద్దున బెంగళూరు బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గోడలోంచి ఎర్రనీళ్లు కారుతుంటే అందరూ ఫోటోలు తీశారు. నేను మాత్రం అందర్నీ బయటికి పొమ్మని అరిచాను.

నా చిన్నప్పుడు మా ఊళ్లో చాలామంది చేలల్లో సొంత కుంటలు ఉండేవి. మా కుంటకు నాన్నే మట్టికట్ట వేయించాడు. వాన వెలిస్తే పెద్దమ్మ ఆ కట్ట వెంబడి నడుస్తూ ఎండ్రకాయలు తొలిచిన బొక్కల్లోంచి నీళ్లు కారకుండా బంకమన్ను కూరేది. వెనకాలే నేను, కాళ్లనిండా బురద, తుంగ వాసన.

ఒక ముసురురోజు కట్ట అడుగున ఊట ఎర్రబారింది. పెద్దమ్మ పరుగున వచ్చి నాన్నతో, "లోపల మన్ను కొట్టుకపోతా ఉండాది, తూము తెరువప్పా" అనింది.

"నీళ్లన్నీ వదిలేస్తే పైరుకేం పారించేది వదినా? రేపు చూద్దాంలే."

మధ్యాహ్నానికే కట్ట తెగింది. కింద మడిలో కలుపు తీస్తున్న లక్ష్మక్క కొట్టుకుపోయింది. సాయంత్రానికి మూడు చేల అవతల, కంపల్లో శవమై దొరికింది.

నాన్న ఆమె మొగుడి ముందు కూలబడిపోయాడు. ఆయన తిట్టలేదు. "తూము తెరువమని ముందే చెప్పినారంట గదప్పా?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత బతికిన ఇరవయ్యేళ్లలో నాన్న పెద్దమ్మ ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేకపోయాడు.